ఏటేట గెలిచిన జట్లు



గడచిన వర్షాకాలమున పొరుగు పాఠశాలవారితో జరిగిన కాల్బంతి పోటీలో మన పిల్లలు ఓడి వచ్చిన సంగతి మీకందరకును తెలిసినదే. ఆ సాయంకాలము వారు బురదకాళ్లతో ఇప్పచెట్ల క్రింద కూర్చుండి చెప్పుకొనిన మాటలు మేము వింటిమి. "వారికి బూట్లు కలవు. మనలో సగముమందికి లేవు. ఇంకేమి జరుగును?" అని యొకడనెను. "ఆ పాఠశాలవారు ఏటేట గెలుచుచునే యున్నారు. గెలుపు వారి నొసట వ్రాసియున్నది" అని వేరొకడు నిట్టూర్చెను. నాట్లు ముగించుకొని కుమారుని తోడ్కొని పోవుటకు వచ్చిన యొక తండ్రి మావైపు తిరిగి, "అయ్యగారూ, బంతి తన్నువానికి అన్నమెవరు పెట్టుదురు?" అని యడిగెను.

ఈ మూడు మాటలకును ఆనాడు మేము సరియైన ప్రత్యుత్తర మియ్యలేదు. ఊరక నవ్వి యూరకుంటిమి. తరువాత ఆలోచింపగా, నవ్వి విడువదగిన మాటలు కావని తోచినది. ఒక జట్టు ఒకసారి గెలుచుట వింత కాదు. గాలియో, వానయో, ఎదుటివారి పొరపాటో దానికి తోడ్పడవచ్చును. కాని అదే జట్టు మూడేండ్లు, అయిదేండ్లు వరుసగా గెలిచినచో దానికి కారణ ముండి తీరవలెను. ఆ కారణము బూట్లా, నొసటి వ్రాతయా, మరియొకటియా? అట్లు గెలిచిన రెండు జట్ల చరిత్రను ఈ వ్యాసమున విచారింతము. ఒకటి మన రాజధానికి చెందినది. రెండవది అమెరికా దేశమునకు చెందినది. రెండింటికిని ప్రాణముపోసినవారు మొదట బడిపంతుళ్లే యగుట మన పత్రికకు మిక్కిలి తగిన విషయము.

హైదరాబాదు నగర పోలీసు జట్టు

మన దేశమున కాల్బంతి ఆటకు ప్రాచీనమైన బహుమానములు రెండు ప్రసిద్ధములు. 1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండు కప్పు ఒకటి. 1891లో బొంబాయిలో ఆరంభమైన రోవర్సు కప్పు రెండవది. ఇందు రోవర్సు కప్పు పోటీలు ఇప్పుడు జరుగుట లేదు. డ్యూరాండు కప్పు నేటికిని జరుగుచున్నది. చాలకాలము తెల్లదొరల సైనిక దళములే వీనిని గెలుచుచుండెను. పిమ్మట కలకత్తా జట్లు బలపడెను. కలకత్తావారికి ఆట పండుగవంటిది. అచట మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను సంఘములకు లక్షలకొలది అభిమానులు కలరు.

ఇట్టి కాలమున, 1950లో, హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయికి పోయి రోవర్సు కప్పును గెలిచెను. అదే సంవత్సరము డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పును సయితము తెచ్చెను. 1951లో మరల రోవర్సు కప్పు వారిదే. 1952, 1953, 1954 సంవత్సరములలోను వారిదే. వరుసగా అయిదేండ్లు ఒకే కప్పు ఒకే జట్టుచేత నుండెను! ఆపైన 1957లోను, 1960లోను గెలిచిరి. 1962లో ఈస్ట్ బెంగాల్ వారితో కలిసి పంచుకొనిరి. 1963లో తిరిగి తామే గెలిచిరి. డ్యూరాండు కప్పు 1950, 1954, 1957, 1961 సంవత్సరపు పోటీలలో వారికి దక్కెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57లోను 1957-58లోను వరుసగా సంపాదించెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరున ఆ ట్రోఫీ మరల మన ప్రాంతమునకు వచ్చెను.

ఈ విజయములు నడచిన దినములలో మన ప్రాంతపు స్థితిని కూడ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరినది. ఆ జట్టు రోవర్సు కప్పును మొదట గెలుచునాటికి రెండేండ్లు మాత్రమే గడచెను. ఖమ్మము అప్పటికి వరంగల్లు జిల్లాలోని పట్టణము. అది జిల్లా కేంద్రమైనది 1953లో. గోదావరి కావలి యొడ్డున నున్న భద్రాచలము మదరాసు రాష్ట్రమున నుండెను. ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో. అనగా, నేడు ఒకే బస్సులో వచ్చి ఒకే బల్లపై కూర్చుండు మీ తాతలు ఆనాడు రెండు రాష్ట్రములవారు. మన అడవిపల్లెలలో సాయుధపోరాటపు కల్లోలము 1951 వరకు చల్లారలేదు; పోలీసు అను మాట వినినంతనే తలుపులు మూసికొను ఇండ్లు ఎన్నియో యుండెను. ఆ పోలీసు అను పేరే మరియొకచోట, బొంబాయి ఆటస్థలమున, వేలకొలది జనుల కరతాళధ్వనుల నందుకొనుచుండెను. చరిత్రలో ఇట్టి విచిత్రములు కలవు. ఒకటి నిజమగుటచేత రెండవది అబద్ధము కాదు.

ఒక ఉపాధ్యాయుడు

ఆ జట్టునకు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. వీరు 1909లో హైదరాబాదున జన్మించిరి. వృత్తిచే బడి ఉపాధ్యాయులు. నగరములోని పలు పాఠశాలలలో పనిచేసిరి. 1943లో హైదరాబాదు కాల్బంతి సంఘమునకు కార్యదర్శియైరి. 1950 మొదలుకొని మరణించువరకు నగర పోలీసు జట్టునకును, భారతదేశపు జట్టునకును శిక్షకులుగా నుండిరి.

వారి పద్ధతిని చక్కగా గమనింపుడు. ఈ వ్యాసమున ముఖ్యభాగ మిదియే. మన పిల్లవాడు బంతి దొరకినంతనే ఏమి చేయును? దానిని కాలివద్దనే యుంచుకొని, ఒకనిని తప్పించి, మరియొకనిని తప్పించి, మూడవవానికి చిక్కి పోగొట్టుకొనును. చూచువారికి అది ముచ్చట. జట్టునకు అది నష్టము. రహీముగారు ఈ దుర్గుణమును మాన్పుటకు ఉపన్యాసము లియ్యలేదు. బంతిని కాలివద్ద నుంచుకొని పరుగెత్తరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలనే యేర్పాటు చేసిరి. అందుకొనినవాడు వెంటనే తనవానికి అందింపవలెను. ఈ నియమముతో కొంతకాల మాడిన బాలుడు బంతి రాకమునుపే తనవా డెచ్చట నున్నాడో చూచుట నేర్చుకొనును. బంతి మనుష్యునికంటె వేగముగా పోవును గదా! పదకొండుమందియు ఈ సంగతి నెరిగిన జట్టును పట్టుట కష్టము.

రెండవది ఇంకను చిత్రమైనది. ప్రతి మనుష్యునికిని ఒక కాలు వాటముగా నుండును, సాధారణముగా కుడికాలు. రహీముగారు వాటములేని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో బాలురకు పోటీలు పెట్టిరి. మొదట అందరును నవ్వులపాలగుదురు. కాని ఆ నవ్వులో ఒక సమానత్వము కలదు. నేర్పరియు నేర్పులేనివాడును ఒక్క మెట్టుపైననే నిలుతురు. అభ్యాస మైన పిమ్మట రెండు కాళ్లు గలవాడు నిజముగా రెండు కాళ్లు గలవాడగును.

మూడవది ఆటగాండ్రను నిలుపు తీరు. ఆ కాలమున మన జట్లు పాత వరుసలనే పట్టుకొని యుండగా, రహీముగారు ఐరోపా జట్లు, ముఖ్యముగా హంగరీవారు, ఆడు విధానమును శ్రద్ధగా పరిశీలించిరి. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు పద్ధతిని, 1958 ప్రపంచ కప్పులో బ్రెజిలువారిచే అది లోకప్రసిద్ధి నందకమునుపే, మన ఆటగాండ్రచే ఆడించిరి.

నాలుగవది, పిల్లలను వెదకుట. సికింద్రాబాదు చెంత నున్న అమ్ముగూడలో తులసీదాసు బలరామను పేదబాలు డుండెను. శిక్షణకై హైదరాబాదునకు వచ్చుటకు చేతిలో డబ్బు లేదు. సైకిలు అద్దె రహీముగారే యిచ్చి రప్పించుకొనిరని బలరాముగారు పెద్దవారైన పిమ్మట చెప్పుచుండెడివారు. ఆ అద్దెసైకిలుపై వచ్చిన బాలుడే ఇరువదియేండ్ల ప్రాయమున ఒలింపిక్సునకు పోయిన బలరాము.

బూట్ల మాట

ఇప్పుడు మన పిల్లవాని మొదటి ఫిర్యాదునకు వత్తము. 1948లో లండను ఒలింపిక్సున మన ఆటగాండ్రు చాలమంది వట్టికాళ్లతో నాడి, ఫ్రాన్సు జట్టుచేత 2-1 గోలులతో ఓడిరి. 1952లో హెల్సింకి నగరమున యుగోస్లావియావారు మనలను 10-1 గోలులతో చిత్తుగా ఓడించిరి. చలిదేశము, వట్టికాళ్లు. ఆ యోటమి తరువాతనే మన దేశపు పోటీలలో బూట్లు తప్పనిసరి యయ్యెను. కావున బూట్లు అక్కరలేదని మేము చెప్పము. చెప్పినచో అది అబద్ధము.

కాని తరువాతి సంగతి వినుడు. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున రహీముగారి శిక్షణలో మన జట్టు, ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించెను. నెవిల్ డిసౌజా యను బొంబాయి ఆటగాడు ఆనాడు మూడు గోలులు చేసెను. సెమీఫైనలునకు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. తుదకు నాలుగవ స్థానము దక్కెను. ఆ జట్టులో నూర్ మహమ్మదు, అజీజుద్దీను, జుల్ఫికరుద్దీను, అహమ్మద్ హుస్సేను, బలరాము మొదలగు హైదరాబాదు వా రుండిరి. హెల్సింకికిని మెల్బోర్నునకును నడుమ నాలుగేండ్లే. నాలుగేండ్లలో మారినవి బూట్లు మాత్రమే యైనచో, బూట్లు తొడిగిన దేశములన్నియు సెమీఫైనలు చేరవలసినదే గదా! బూట్లు కాలికి, పద్ధతి తలకు. రెండును కావలెను. బూట్లు కొనుటకు డబ్బు కావలెను. పద్ధతికి ఓర్పు చాలును.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మనవారు మొదటి ఆటలోనే దక్షిణ కొరియాచేత 2-0 గోలులతో ఓడిరి. ఆపైన థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును గెలిచి, తుదిపోటీలో తమ్మోడించిన ఆ కొరియావారినే ఎదుర్కొనిరి. జర్నెయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడినను, వెనుక నాడువాడు ముందునకు వచ్చి ఆడెను. పి. కె. బెనర్జీ ఒక గోలును, జర్నెయిల్ సింగు ఒక గోలును చేయగా, సెప్టెంబరు 4వ తేదీన మనవారు 2-1తో స్వర్ణపతకము గెలిచిరి. రహీముగారు అప్పటికే క్యాన్సరు వ్యాధిచే పీడితులు. 1963 జూను 11వ తేదీన వారు మరణించిరి. నాటినుండి నేటివరకు ఆసియా క్రీడల కాల్బంతి స్వర్ణము మన దేశమునకు మరల రాలేదు.

అమెరికాలోని చిన్న ఊరు

ఇక రెండవ జట్టు. అమెరికావారు ఫుట్‌బాలని పిలుచు ఆట మన ఆట కాదు. కోడిగ్రుడ్డువలె కోలగానున్న బంతిని చేతబట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు. ఎదుటివారు పట్టి పడవేయుదురు. ఒక్కొక్క ప్రక్క పదకొండుమంది. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు పోవలెను. పోలేనిచో బంతి ఎదుటివారిది. బంతితో చివరి గీతను దాటినచో ఆరు అంకములు. ఈ ఆట నాడు జీతపు జట్ల సమాఖ్య 1920లో పుట్టినది.

ఆ సమాఖ్యలో ఏటేట గెలిచిన జట్లు పెక్కు కలవు. క్లీవ్‌లాండు జట్టు తాను మొదట ఆడిన వేరొక సమాఖ్యలో 1946 మొదలు 1949 వరకు నాలుగేండ్లును గెలిచి, 1950లో ఈ సమాఖ్యలో చేరిన యేడే ఇందును గెలిచెను. పిట్స్‌బర్గు జట్టు 1974 మొదలు 1979 వరకు ఆరు ఆటకాలములలో నాలుగింటను, న్యూ ఇంగ్లండు జట్టు 2001, 2018 నడుమ ఆరింటను గెలిచెను. కాని వరుసగా మూడేండ్లు గెలిచినది ఇప్పటివరకు ఒక్క జట్టే. అది గ్రీన్ బే ప్యాకర్సు. ఒకసారి కాదు, రెండుసార్లు: 1929, 1930, 1931లలో మొదట, 1965, 1966, 1967లలో మరల.

గ్రీన్ బే యెంత పట్టణమని తలచుచున్నారు? సుమారు లక్ష జనాభా. మన ఖమ్మముకన్న చిన్నది. న్యూయార్కు, చికాగో వంటి మహానగరముల జట్ల నడుమ ఈ చిన్నయూరు నిలుచుట యెట్లు? మాంసము డబ్బాలలో నింపి యమ్ము కంపెనీ యొకటి 1919లో దుస్తులకు డబ్బీయగా జట్టు పుట్టెను. 1923లో జట్టు అప్పులపాలై మునుగునట్లుండగా, ఆ యూరి జనులే వాటాలు కొని నిలబెట్టిరి. ఆ వాటాలకు లాభము రాదు. నేటికిని ఆ జట్టునకు ధనికుడైన యజమాని లేడు. వాటాదారులైన జనులే యజమానులు.

అట్టి జట్టు 1958లో పండ్రెండు ఆటలలో ఒక్కటియే గెలిచి నగుబాటయ్యెను. మరుసటి యేడు విన్స్ లొంబార్డీగారు శిక్షకులుగా వచ్చిరి. వీరు యౌవనమున న్యూజెర్సీలో ఒక క్రైస్తవ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, లాటిను భాష బోధించినవారు. వీరి శిక్షణలో ఆ జట్టు 1961, 1962, 1965, 1966, 1967లలో, ఏడేండ్లలో అయిదుమార్లు, గెలిచెను. వీరి రహస్యమేమి? నూరు ఉపాయములు కాదు. బంతిని పట్టుకొనినవాడు ప్రక్కగా పోవుచుండగా అతనికి ముందు తోటివారు దారి చేయు ఒక్క యెత్తుగడను, ప్రతివానికి తన అడుగు తెలియువరకు, మరల మరల, విసుగు లేక చేయించుట. ఎదుటివారికి అది వచ్చునని తెలిసినను ఆపలేకపోయెడివారు. ఎక్కము నేర్పు పంతులు చేయున దిదియే. 1970లో వీరును క్యాన్సరుచేతనే మరణించిరి. ఆ దేశపు మహాబహుమానమునకు వీరి పేరే పెట్టిరి.

వెలుగు తగ్గుట

మేలును చెప్పి కీడును దాచుట మంచి వ్యాసము కాదు. హైదరాబాదు జట్టు వైభవము నిలువలేదు. ఏలయన, నేర్పిన చేయి ఒక్కటే. రహీముగారి పద్ధతిని పాఠశాలలలో, పేటలలో తరతరములకు అందించు ఏర్పాటు చాలలేదు. మంచి ఆటగాండ్రు కలకత్తాకు పోయిరి. బలరాముగారు 1957లోనే ఈస్ట్ బెంగాలులో చేరిరి. క్రికెట్టు పెరిగెను, ఖాళీ మైదానములు తరిగెను.

2019లో హైదరాబాదు పేరున ఒక క్రొత్త సంఘము వెలసి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు తుదిపోటీలో కేరళ జట్టును ఓడించెను. మరల మంచిదినములు వచ్చెనని యెందరో సంతసించిరి. కాని ధనపు చిక్కులు వచ్చి, చేతులు మారి, 2025లో ఆ సంఘము ఢిల్లీకి తరలిపోయెను. గ్రీన్ బే జట్టు ఊరు విడువలేదు, ఇది విడిచెను. జనులు నిలబెట్టుకొనిన జట్టునకును, డబ్బు తెచ్చి నిలిపిన జట్టునకును గల భేదము దీనివలన తేటపడుచున్నది.

మన మాట

ఇప్పుడు ఆ మూడు మాటలకును ప్రత్యుత్తరము చెప్పగలము.

బూట్లు కావలెనన్న పిల్లవాడా, నీ మాటలో న్యాయ మున్నది. పెద్దలు దానిని వినవలెను. కాని బూట్లు వచ్చువరకు వేచి యుండనక్కరలేని పని యొకటి కలదు: బంతిని తోడివానికి అందించుట. దానికి కాసైనను వ్యయము లేదు.

నొసటి వ్రాత యన్న పిల్లవాడా, 1958లో పండ్రెండింట ఒక్కటి గెలిచినవారు 1961లో దేశమునే గెలిచిరి. పది గోలులతో ఓడినవారు నాలుగేండ్లకు నాలుగవ స్థానమున నిలిచిరి. వ్రాత యైనచో అంత త్వరగా చెరగదు.

అన్నమెవరు పెట్టుదురని యడిగిన తండ్రిగారికి మా మనవి యిది. నగర పోలీసు జట్టువారికి ఆటయే ఉద్యోగ మిచ్చెను, అన్నము పెట్టెను. ఈనాటికిని పోలీసు, రైల్వే, సైన్యములలో ఆటగాండ్రకు కొన్ని స్థానములు కలవు. కాని అవి కొందరికే. బంతి తన్ను ప్రతివానికిని ఉద్యోగము వచ్చునని చెప్పి మీ పిల్లవానిని చదువునుండి మరల్చుట మాకు ధర్మము కాదు. అన్నము చదువువలనను చేతిపనివలనను వచ్చును. ఆట యియ్యగల దొకటి కలదు: తన చేతిలోని దానిని సమయమునకు ఇతరునికి అందించు బుద్ధి. ఆ బుద్ధి గలవాడు పొలమునను, కార్యాలయమునను, సంసారమునను పనికివచ్చును. దీనికై వారమునకు ఒక్క గంట మాకు విడువుడని వేడుచున్నాము.

ఈ సంవత్సరము మొదలు ప్రతి శనివారము సాయంకాలము మన ఆటస్థలమున బాలురకును బాలికలకును రెండు నియమములతో ఆట జరుగును. ఒక వారము బంతిని ఉంచుకొని పరుగెత్తరాదు. మరుసటి వారము వాటములేని కాలితోనే తన్నవలెను. నవ్వువారు నవ్వుదురు, మేమును ఆడుదుము గనుక మమ్ము చూచియు నవ్వవచ్చును. వచ్చు వర్షాకాలమున గెలుతుమని మేము ప్రమాణము చేయలేము. ఆ నాటికి మన జట్టులో ఎడమకాలు లేనివాడు ఉండడని మాత్రము చెప్పగలము.